ఫోటో ఎడిటింగ్‌లో రంగు లేబుళ్లు

డిజిటల్ ఫోటోలను ఏరి, దిద్ది, అప్పగించే క్రమంలో ఏ ఫోటో ఏ దశలో ఉందో చూడగానే తెలిసేందుకు సాఫ్ట్‌వేర్‌లో పెట్టే గుర్తు రంగు లేబుల్. ఇది ఫోటోలోని రంగులను తాకదు, రా ఫైలులో ఒక్క పిక్సెల్‌ను కూడా మార్చదు. థంబ్‌నెయిల్ చుట్టూ పట్టీగానో, కింద చిన్న గడిగానో కనిపించి ఆ ఫోటోకు ఇంకా ఏం పని మిగిలి ఉందో చెబుతుంది. ఎర్ర లేబుళ్లు మాత్రమే చూపించమంటే వేల ఫోటోల్లోంచి ఆ కొన్నే తెరపై మిగులుతాయి. ఫోల్డర్లు మార్చకుండా, ఫైళ్లకు నకళ్లు తీయకుండా పనిని కుప్పలుగా విడగొట్టుకోవడం దీనివల్ల సాధ్యమవుతుంది.

పని ఒకే విడతలో తెమలని చోట ఈ గుర్తుల అవసరం బాగా తెలుస్తుంది. కువైట్‌లో ఫోటోలు తీసే తెలుగువాళ్ల సంగతే చూడండి. అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఉగాది ఏ రోజు వచ్చినా అక్కడి తెలుగువాళ్ల సామూహిక వేడుక చాలాసార్లు వీలైన శుక్రవారానికి జరుగుతుంది. కడప, అన్నమయ్య, తిరుపతి జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లినవారు పెద్ద సంఖ్యలో ఉన్న దేశం అది. తెలుగు కళా సమితి వంటి సంఘాల కార్యక్రమాలు, బతుకమ్మ ఆటలు, ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాసనలు, పుట్టినరోజులు అన్నీ ఆ రెండు రోజుల్లోకే సర్దుకుంటాయి. ఆదివారం నుంచి గురువారం దాకా ఉద్యోగం చేసి, సెలవుల్లో కెమెరా పట్టేవారికి ఎడిటింగ్ రాత్రిపూట గంటో రెండు గంటలో దొరికే పని. మంగళవారం రాత్రి ఎక్కడ ఆపారో గురువారం రాత్రికి గుర్తుండదు. లేబుల్ చేసే మొదటి మేలు ఆ ఆపిన చోటు చూపించడం.

పూర్వరంగం

ఫిల్మ్ కాలంలో ఈ పనికి కాంటాక్ట్ షీటు, భూతద్దం, గ్రీజు పెన్సిల్ ఉండేవి. ఒక రోల్‌లోని ఫ్రేములన్నిటినీ ఒకే కాగితంపై చిన్నవిగా ముద్రించి, నచ్చినదాని చుట్టూ ఎర్ర గీత గీసేవారు. కోత ఎక్కడ పడాలో అంచుల్లో గీతలు చూపేవి. వద్దన్నవాటిపై అడ్డగీత పడేది. ఆ గీతలే ఎడిటరుకూ డార్క్‌రూమ్‌లో ప్రింట్లు తీసే మనిషికీ మధ్య ఆదేశాలు. తెలుగునాట స్టూడియోల్లో నెగెటివ్ కవరుపై నంబర్లు రాసి ల్యాబుకు పంపడం ఇందులోని చిన్న రూపమే.

ఆ పద్ధతికి కువైట్‌తో ముడిపడిన పెద్ద ఉదాహరణ ఒకటుంది. 1991లో వెనుదిరుగుతున్న ఇరాక్ సేనలు 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టాయి. చివరి మంట ఆ ఏడాది నవంబరు 6న ఆరింది. బ్రెజిల్ ఛాయాగ్రాహకుడు సెబాస్టియావ్ సాల్గాడో ఆ మంటల మధ్య, నూనెలో తడిసిన సిబ్బందిని నలుపు తెలుపుల్లో చిత్రించాడు. ఆ ఏడే న్యూయార్క్ టైమ్స్ పత్రిక అనుబంధంలో కొన్ని అచ్చయ్యాయి. ఆ చిత్రాలతో ‘కువైట్: ఎ డెజర్ట్ ఆన్ ఫైర్’ అనే పుస్తకం మాత్రం 2016లో వచ్చింది. అంతకుముందు వెలుగు చూడని ఫ్రేములెన్నో అందులో చోటు చేసుకున్నాయి. పత్రికకు పనికిరాని ఫ్రేము పాతికేళ్ల తర్వాత పుస్తకానికి పనికొచ్చిందంటే, మొదటి ఏరివేతలో పక్కన పెట్టడం వేరు, చెరిపేయడం వేరు. ఎర్ర లేబుల్‌ను ‘డిలీట్’కు అలవాటుగా కేటాయించేవారు ఈ తేడాను తేలిగ్గా తీసుకుంటారు.

కంప్యూటర్లలో ఫైళ్లకు రంగు వేసే సౌకర్యం అదే 1991లో ఆపిల్ సిస్టమ్ 7తో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఫోటోల కోసమే ప్రత్యేకంగా రాసిన ప్రోగ్రాముల్లో ఫోటో మెకానిక్ 1998 నాటిది. పత్రికా ఛాయాగ్రాహకులు, ముఖ్యంగా ఆటల ఫోటోలు తీసేవారు, దాన్ని వేగం కోసం వాడారు. అడోబీ బ్రిడ్జ్ 2005లో, లైట్‌రూమ్ 2007 ఫిబ్రవరిలో, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ 2009లో వచ్చాయి. పాత లైట్‌రూమ్‌కు లైట్‌రూమ్ క్లాసిక్ అనే పేరు 2017 నుంచి ఉంది.

మూడు గుర్తులు, మూడు ప్రశ్నలు

లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఒకే ఫోటోకు ఫ్లాగ్, స్టార్, రంగు లేబుల్ మూడూ పెట్టవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు తడబడేది ఇక్కడే. మూడింటినీ ‘బాగుంది, బాగోలేదు’ అన్న ఒక్క ప్రశ్నకే వాడితే నాలుగు స్టార్ల ఫోటో గొప్పదా, పచ్చ లేబుల్ ఫోటో గొప్పదా అన్న అయోమయం మిగులుతుంది. ఒక్కో గుర్తుకు ఒక్కో ప్రశ్నను అప్పగించడం మేలు. ఉంచాలా వద్దా అన్నది ఫ్లాగ్: ‘పి’ నొక్కితే ఎంపిక, ‘ఎక్స్’ నొక్కితే తిరస్కారం. ఎంత మంచిది అన్నది స్టార్. ఇక దీనికి తర్వాత ఏం చేయాలి అన్నదే రంగు. మొదటి రెండు తీర్పులు. ఒకసారి చెప్పాక అంతగా మారవు. మూడోది పని నడిచేకొద్దీ మారుతుంది. రంగు లేబుల్ విలువంతా ఆ మారడంలోనే ఉంది.

కీబోర్డు కూడా ఈ విభజనకు కొంత సాయం చేస్తుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో 1 నుంచి 5 అంకెలు స్టార్లకు, 6 ఎరుపుకు, 7 పసుపుకు, 8 పచ్చకు, 9 నీలానికి. ఊదాకు అంకె మిగల్లేదు, దాన్ని మెనూలోంచే పెట్టాలి. షిఫ్ట్ పట్టుకుని అంకె నొక్కితే గుర్తు పడి, తెర తర్వాతి ఫోటోకు వెళ్తుంది. క్యాప్స్ లాక్ వేసి ఉంచినా అంతే. ఈ ఒక్క చిట్కా తెలియక ప్రతి ఫోటోకూ బాణం కీ నొక్కుతూ రాత్రులు గడిపేవారు ఉన్నారు.

మిగతా ప్రోగ్రాముల లెక్క వేరు. ఫోటో మెకానిక్‌లో ఎనిమిది తరగతులు ఉంటాయి. ‘విన్నర్’తో మొదలై ‘ట్రాష్’తో ముగిసే ఆ పేర్లను బట్టే అది తీర్పు చెప్పే వరుస అని తెలుస్తుంది. క్యాప్చర్ వన్‌లో ఏడు రంగులు. డార్క్‌టేబుల్‌లో లైట్‌రూమ్‌లోని ఐదు రంగులే ఎఫ్1 నుంచి ఎఫ్5 మీటలపై ఉంటాయి కానీ, ఒకే ఫోటోకు రెండు మూడు రంగులు కలిపి పెట్టుకోవచ్చు. లైట్‌రూమ్‌లో ఆ వీలు లేదు. కొత్త రంగు పడగానే పాతది పోతుంది.

ఒక వేడుక, ఐదు రంగులు

కువైట్‌లోని సాల్మియాలోనో అబ్బాసియాలోనో ఒక పాఠశాల ఆడిటోరియంలో ఉగాది సాంస్కృతిక కార్యక్రమం జరిగిందనుకుందాం. రెండు కెమెరాలు, సుమారు 1,500 ఫ్రేములు. మొదటి విడతలో రంగుల జోలికి పోకుండా ఫ్లాగులతోనే ఏరివేత సాగుతుంది. కళ్లు మూసుకున్నవి, ఫోకస్ తప్పినవి, ఒకే భంగిమలో వరుసగా తీసినవాటిలో బలహీనమైనవి పక్కకు పోతాయి. 450 మిగిలాయనుకుంటే, రంగుల పని వాటిపైనే మొదలవుతుంది.

ఎరుపు అంటే వెలుగు, వైట్ బ్యాలెన్స్ సరిచేయాల్సినవి. పసుపు అంటే ప్రాథమిక దిద్దుబాటు అయి, ఒక్కో ఫోటోకు విడిగా టచింగ్ కావాల్సినవి. నీలం అంటే నిర్వాహకులకో కుటుంబానికో చూపించి, జవాబు కోసం ఆపినవి. పచ్చ అంటే పూర్తయినవి. ఊదా అంటే ఆల్బం షీట్లకు లేదా బ్యానరుకు వెళ్లేవి. ఏ రంగుకు ఏ అర్థం అన్నది ఎవరిష్టం వారిదే. ఒక ఫోటో ఎరుపు నుంచి పసుపుకు, అక్కణ్నుంచి పచ్చకు ఒకే దారిలో కదలాలన్నదే నియమం. వెనక్కి వెళ్లే ఫోటోలు ఎక్కువవుతున్నాయంటే అర్థాలు సరిగ్గా విడగొట్టలేదని లెక్క.

ఎరుపు కుప్పలోకి వచ్చేవాటిలో కువైట్ వాతావరణం వాటా కొంత ఉంటుంది. వేరే వేడుకలు వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సముద్రతీరాన గాలి తేమతో బరువెక్కుతుంది. ఏసీ హాలు నుంచి బయటికొచ్చిన కెమెరా లెన్స్ నిమిషంలో మసకబారుతుంది. ఆ కాసేపట్లో తీసిన ఫ్రేములు పాలపొర కప్పినట్టు ఉంటాయి. ఎడారిలో దుమ్ము లేచిన రోజున తీసినవాటికి పసుపు ఛాయ పట్టుకుంటుంది. ఇలాంటివి వరుసగా, ఒకే వెలుగులో వస్తాయి కాబట్టి ఒకదాన్ని దిద్ది, అదే దిద్దుబాటును మిగతావాటికీ ఒకేసారి వర్తింపజేయవచ్చు, అంటే సింక్ చేయవచ్చు. ఆ గుంపుకంతా ముందుగా ఎరుపు పడి ఉంటే సింక్ చేసేటప్పుడు ఏ ఒక్కటీ తప్పిపోదు.

స్టేజీ మీది పట్టుచీరల సంగతి పసుపు కుప్పలోకి వస్తుంది. ఎల్‌ఈడీ లైట్ల కింద కుంకుమ రంగు పట్టుచీర కట్టిన నర్తకి ఫోటోలో మొత్తం ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. హిస్టోగ్రామ్ చూస్తే మాత్రం నీలం, పచ్చ ఛానళ్లు మధ్యలోనే ఆగి, ఎరుపు ఒక్కటే కుడి అంచుకు గుద్దుకుని ఉంటుంది. ఫలితంగా చీర మడతలు, బుటీలు కలిసిపోయి ఒకే ఎర్రటి ముద్దగా కనిపిస్తుంది. వెలుగు మొత్తంగా తగ్గిస్తే ముఖం నల్లబడుతుంది. ప్రొఫైల్‌ను అడోబీ కలర్ నుంచి న్యూట్రల్‌కు మార్చి, హెచ్‌ఎస్‌ఎల్ ప్యానెల్‌లో ఎరుపు సాచురేషన్, ల్యూమినెన్స్ కొద్దిగా దించితే మడతలు తిరిగొస్తాయి. ఇది గుంపుగా సింక్ చేసే పని కాదు. నర్తకి కదిలేకొద్దీ మీద పడే వెలుగు మారుతుంది. అందుకే వీటికి వేరే రంగు.

రెండున్నర గంటల తేడా

రెండు కెమెరాలతో తీసిన వేడుకలో ఫోటోలను సమయం ప్రకారం పేర్చినప్పుడు ఒక చిక్కు తరచూ బయటపడుతుంది. భారత కాలమానం కువైట్ కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. సెలవుకు ఊరెళ్లి వచ్చిన కెమెరాలో గడియారం మార్చడం మర్చిపోతే, సాయంత్రం ఆరింటికి వెలిగించిన జ్యోతి ఎనిమిదిన్నరకు వెలిగినట్టు నమోదవుతుంది. పేర్చిచూస్తే ఒక కెమెరాలో ప్రార్థన గీతం జరుగుతుండగా రెండో కెమెరాలో అదే గీతం భోజనాల వేళకు కనిపిస్తుంది.

దీన్ని కంటితో సర్దబోతే తల తిరుగుతుంది. లైట్‌రూమ్ ఫిల్టర్ పట్టీలో కెమెరా పేరు లేదా సీరియల్ నంబరు ఎంచి, ఆ కెమెరా ఫ్రేములన్నిటికీ తాత్కాలికంగా ఒక రంగు పెట్టి, ఆపై ‘ఎడిట్ క్యాప్చర్ టైమ్’తో రెండున్నర గంటలు వెనక్కి జరిపితే సరిపోతుంది. రెండు కెమెరాలూ ఒకే క్షణాన్ని తీసిన ఫ్రేము ఒకటి దొరికితే సెకన్ల తేడా కూడా సరిచేయవచ్చు. జరపడం అయ్యాక ఆ రంగు తీసేయాలి. తీయకపోతే మర్నాడు అదే రంగు వేరే అర్థంతో ఎదురవుతుంది. ఈ పని ఏరివేతకన్నా ముందే, ఏ ఇతర లేబులూ పడకముందే చేయడం మంచిది.

లేబుల్‌కు అప్పగించకూడనివి

కువైట్‌లో ఫోటోల విషయంలో జాగ్రత్త అవసరం. సైనిక, చమురు స్థావరాలను ఫోటో తీయడం నిషిద్ధం. ఫోన్ల దుర్వినియోగంపై 2001లో వచ్చిన 9వ నంబరు చట్టం, సమాచార సాంకేతిక నేరాలపై 2015లో వచ్చిన 63వ నంబరు చట్టం ఎదుటివారి పరువుకు, ఏకాంతానికి భంగం కలిగించే వాడకాన్ని శిక్షార్హం చేస్తాయి. 2010 నవంబరులో బహిరంగ ప్రదేశాల్లో డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలనే నిషేధించారని ఒక స్థానిక ఆంగ్ల పత్రిక రాసి, వార్త ప్రపంచమంతా తిరిగాక వెనక్కి తీసుకుంది. అది నిజం కాకపోయినా, అందరూ అంత సులువుగా నమ్మారంటే అక్కడి వాతావరణం అర్థమవుతుంది. వేడుకల్లో కూడా తమ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టవద్దని చెప్పే అతిథులు ఉంటారు.

అలాంటి ఫోటోలకు ఊదా పెట్టుకుందామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. అంకె లేని రంగు కాబట్టి పొరపాటున పడదన్నది నిజమే. కానీ పొరపాటున పోతుంది. ఎడిటింగ్ పూర్తయిందని 8 నొక్కగానే ఊదా చెరిగి పచ్చ పడుతుంది. బయట పెట్టవద్దన్న ఫోటో పూర్తయిన కుప్పలో చేరి అందరి ఫోటోలతో పాటు అప్‌లోడ్ అయిపోతుంది. ఎప్పటికీ మారకూడని సమాచారాన్ని మారుతూ ఉండే గుర్తులో పెట్టడం వల్ల వచ్చే ప్రమాదం ఇది. ‘పబ్లిష్ వద్దు’ వంటి మాటను కీవర్డుగా రాయాలి. లేబుల్ ఎన్నిసార్లు మారినా కీవర్డు అలాగే ఉంటుంది. ఎగుమతి చేసేముందు ఆ కీవర్డు ఉన్నవాటిని ఫిల్టరుతో తీసేయవచ్చు. మనుషుల పేర్లు, కార్యక్రమం పేరు, ఏ కెమెరాతో తీసింది అన్నవీ అంతే. వీటిలో ఏదీ రంగుకు సంబంధించిన విషయం కాదు.

లేబుల్ నిజానికి ఒక మాట

తెరపై రంగుగా కనిపించే లేబుల్ ఫైలులో రంగుగా ఉండదు. అడోబీ 2001లో ప్రవేశపెట్టి, 2012లో ఐఎస్‌ఓ ప్రమాణంగా మారిన ఎక్స్‌ఎంపీ అనే మెటాడేటా పద్ధతిలో లేబుల్ ఒక మాటగా నమోదవుతుంది. రా ఫైలు అయితే పక్కనే అదే పేరుతో చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలులో, జేపెగ్, డీఎన్‌జీ అయితే ఫైలు లోపలే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ మాటను చదివి, తన జాబితాలో ఆ మాటకు ఏ రంగు ఉందో చూసి చూపిస్తుంది. జాబితాలో ఆ మాట లేకపోతే లైట్‌రూమ్ తెల్ల లేబుల్ చూపిస్తుంది. గుర్తు ఉందని చెబుతుంది కానీ రంగు చెప్పలేదు.

ఈ సంగతి తెలియకపోతే ఇద్దరు కలిసి చేసే పనిలో గందరగోళం తప్పదు. ఫోటోలు కువైట్‌లో తీసి, ఎడిటింగో కరిజ్మా ఆల్బం డిజైనింగో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకునే ఏర్పాటును ఊహించుకుంటే చాలు. బ్రిడ్జ్‌లో మొదటి నుంచీ ఉండే జాబితాలో ఎరుపుకు ‘సెలెక్ట్’ అని పేరు. లైట్‌రూమ్‌లోని ‘రివ్యూ స్టేటస్’ జాబితాలో అదే ఎరుపుకు ‘టు డిలీట్’ అని పేరు. ఒకరు ముచ్చటపడి ఎంచిన ఫోటో రంగు, మరొకరి జాబితాలో చెరిపేయాల్సిన ఫోటో రంగు. మాటలు వేరు కాబట్టి ఫైళ్లు అలాగే వెళ్తే తెల్ల లేబులే కనిపించి, కనీసం అనుమానం కలుగుతుంది. అసలు చిక్కు ‘ఎర్రవి తీసేయ్’ అని వాట్సాప్‌లో నోటి మాటగా చెప్పినప్పుడు. అందుకే మొదటి పనికి ముందే ఇద్దరూ ఒకే జాబితాను, అక్షరం తేడా లేకుండా, తమ తమ ప్రోగ్రాముల్లో టైపు చేసుకోవాలి. ఎక్స్‌ఎంపీ యూనికోడ్‌ను అంగీకరిస్తుంది కాబట్టి ‘టచింగ్ బాకీ’, ‘పూర్తి’ అని తెలుగులోనూ పెట్టుకోవచ్చు. పని మధ్యలో జాబితా మార్చితే మాత్రం అప్పటిదాకా పెట్టిన లేబుళ్లన్నీ తెల్లబోతాయి.

ఇంకొక మెలిక ఉంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో లేబుల్ ముందుగా కేటలాగులో, అంటే ఆ ప్రోగ్రాము ఫోటోల వివరాలు దాచుకునే డేటాబేస్‌లో పడుతుంది. ఎక్స్‌ఎంపీలోకి తనంతట రాసే సెట్టింగ్ వేసి ఉండాలి, లేదా ఫోటోలను ఎంచి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కాలి. ఈ పని చేయకుండా రా ఫైళ్లను హార్డ్ డిస్క్‌లో పంపితే అవతలివారికి ఒక్క లేబులూ కనిపించదు. ఫ్లాగులైతే చాలాకాలం కేటలాగు దాటి వెళ్లేవే కావు. నలుపు తెలుపు రూపం కోసం చేసుకునే వర్చువల్ కాపీలకు పెట్టిన లేబుళ్లూ ఎక్స్‌ఎంపీలోకి రావు. ఇలాంటి చోట కేటలాగునే ఎగుమతి చేసి పంపాలి. డార్క్‌టేబుల్ తన రంగులను ఎక్స్‌ఎంపీలోనే వేరే పేరుతో రాస్తుంది కాబట్టి అవి లైట్‌రూమ్‌లో లేబుళ్లుగా కనబడతాయని ఆశించకూడదు.

కన్ను, తెర

లేబుల్ రంగు ఫోటోను మార్చకపోయినా చూసే కన్నును మార్చగలదు. ఒక రంగు పక్కన ఉన్నప్పుడు మరో రంగు వేరేలా అనిపించడం కంటి స్వభావం. థంబ్‌నెయిల్ గడి మొత్తం పచ్చగా ఉంటే మధ్యలోని చర్మపు ఛాయ కొంచెం ఎరుపెక్కినట్టు తోస్తుంది. ఎడిటింగ్ ప్రోగ్రాముల నేపథ్యం బూడిద రంగులో ఉండటానికి ఒక కారణం ఇదే. లైట్‌రూమ్‌లో గడికి లేబుల్ రంగు పులిమే సౌకర్యాన్ని వ్యూ ఆప్షన్లలో ఆపేయవచ్చు. అప్పుడు లేబుల్ కింద చిన్న గుర్తుగానే మిగులుతుంది. ఏరివేత, పంపిణీ దశల్లో రంగు గడులు మేలు. వైట్ బ్యాలెన్స్ దిద్దే దశలో వాటిని తీసేయడం మేలు.

ఎరుపు, పచ్చ తేడా పట్టలేని వారి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. యూరప్ సంతతి పురుషుల్లో దాదాపు 12 మందిలో ఒకరికి ఈ లోపం ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. భారతీయుల్లో కొంత తక్కువైనా అరుదు కాదు. ‘పని బాకీ’కి ఎరుపు, ‘పూర్తి’కి పచ్చ పెట్టడం అందరికీ తోచే ఏర్పాటు. అలాంటి సహాయకుడికి మాత్రం అదే అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. బదులుగా నీలం, పసుపు జంటను వాడవచ్చు. లేదా థంబ్‌నెయిల్ పైన లేబుల్ పేరు అక్షరాల్లో కనిపించేలా పెట్టుకోవచ్చు.

అప్పగింత తర్వాత

నీలం కుప్ప ఎప్పుడూ ఆలస్యంగానే ఖాళీ అవుతుంది. ఆల్బం సెలెక్షన్ కోసం కుటుంబానికి పంపిన ఫోటోల నంబర్లు వారాల తర్వాత, ఒక్కోసారి ఊళ్లో ఉన్న అమ్మమ్మ, నాయనమ్మలకు కూడా చూపించాక తిరిగొస్తాయి. అప్పటికి మరో రెండు కార్యక్రమాలు కేటలాగులో చేరి ఉంటాయి. నీలం లేబుల్ ఉన్నవాటిని చూపించే స్మార్ట్ కలెక్షన్ ఒకటి స్థిరంగా ఉంచుకుంటే ఎవరి జవాబు ఇంకా రావాలో కేటలాగు తెరవగానే తెలుస్తుంది. జవాబు వచ్చిన ఫోటో లేబుల్ మారగానే ఆ జాబితాలోంచి అదే తొలగిపోతుంది.

అప్పగింత పూర్తయి, ఫోటోలు భద్రపరిచే డిస్కుకు వెళ్లేముందు లేబుళ్లను చెరిపేసే పద్ధతి కొందరిది. పచ్చను మాత్రం ఉంచే పద్ధతి మరికొందరిది. మొదటిది మెరుగు. ఐదేళ్ల తర్వాత ఆ డిస్కు తెరిచేవారికి ఏది మంచి ఫోటో, అందులో ఎవరున్నారు, ఏది బయట పెట్టకూడదు అన్నవి కావాలి. వాటికి స్టార్లు, కీవర్డులు ఉన్నాయి. అప్పట్లో ఏ ఫోటోకు టచింగ్ బాకీ ఉందన్నది వారికి అక్కరలేదు. లేబుళ్లు లేని డిస్కులో కొత్త పని, అంటే సంఘం వార్షిక సంచికకో పెళ్లిరోజు వీడియోకో మళ్లీ ఏరడం, ఐదు రంగులతోనూ మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు.